తవ్విన నేలకు మళ్ళీ గడ్డి: క్వారీ నుంచి పచ్చిక బీడు దాకా



బస్సులోనో రైల్లోనో వెళ్తున్నప్పుడు దారి పక్కన సగం కోసేసిన కొండలను మీరు చూసే ఉంటారు. ఒక వైపు నిటారుగా నిలబడిన రాతి గోడ, దాని కింద పచ్చటి నీళ్ళు నిలిచిన లోతైన గుంత, పక్కనే పనికిరాని రాళ్ళ గుట్టలు. యంత్రాలు వెళ్ళిపోయి చాలా కాలమై ఉంటుంది. అక్కడక్కడ సర్కారు తుమ్మ తప్ప మరేమీ కనిపించదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. క్వారీ రాకముందు అక్కడ ఏముండేది? మన మెట్ట ప్రాంతాల్లో చాలా చోట్ల జవాబు ఒక్కటే. అక్కడ పంట పొలం ఉండేది కాదు. కొండ వాలు, బంజరు, పశువులు మేసే బీడు ఉండేది. కాగితాల మీద దాన్ని పోరంబోకు అని రాసుకుంటారు కాబట్టి, అది ఎవరికీ అక్కరలేని నేల అని మనం అనుకుంటాం. కానీ 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో మొదటి స్థానం తెలంగాణది, సుమారు 1 కోటి 91 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1 కోటి 76 లక్షలు. ఈ జీవాలలో అధిక భాగం ఇలాంటి బీళ్ళ మీదే బతుకుతాయి.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన ఆదేశం ఇచ్చింది. తవ్వకం ముగిశాక గని ప్రాంతంలోనూ, గని వల్ల దెబ్బతిన్న ఇతర భూమిలోనూ మళ్ళీ గడ్డి పెంచాలి, పశుగ్రాసానికీ వృక్షజాతికీ జంతుజాతికీ అనువుగా ఆ నేలను పునరుద్ధరించాలి, ఖర్చు లీజుదారుడే భరించాలి అన్నది దాని సారాంశం. ఈ షరతును అమలుచేయాలని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అదే నెల 16న ఉత్తర్వు జారీ చేసింది. మొక్కలు నాటాలన్న నియమాలు అంతకుముందు కూడా ఉన్నాయి. ఈ ఆదేశంలో పశుగ్రాసం అనే మాట స్పష్టంగా ఉంది. ఆ ఒక్క మాట వల్ల పని ఎంత మారిపోతుందో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

నేను చేసిన పొరపాటు

పాతికేళ్ళ కిందట నేను కొత్తగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో, మా విద్యార్థులను వెంటబెట్టుకుని ఒక పాత కంకర క్వారీలో మొక్కలు నాటించాను. దొరికిన మొక్కలే తీసుకువెళ్ళాం: కానుగ, నీలగిరి. రాళ్ళ మధ్య గుంతలు తీసి, బిందెలతో నీళ్ళు మోసి పోశాం. సగం పైగా ఎండిపోయాయి. మిగిలిన కానుగలు మాత్రం నిలదొక్కుకున్నాయి. రెండేళ్ళ తరువాత వెళ్ళి చూసి, పచ్చగా ఉన్నాయని నేను సంతోషించాను.

అక్కడ ఒక గొర్రెల కాపరి కనిపించాడు. వయసు అరవై దాటి ఉంటుంది. ఆయన మా కానుగలను చూసి, "బాగానే పెరిగినాయి సారూ, నీడకు పనికొస్తాయి. కానీ మా జీవాలు ఈ ఆకు ముట్టవు గదా! వాటికి ఇక్కడ ఏముంది?" అన్నాడు. కొండ పోయాక మందను రోజూ నాలుగు కిలోమీటర్లు పెద్ద రోడ్డు మీదుగా మరో ఊరి బీడుకు తోలుకెళ్తున్నాడట. ఆ ఏడాది రెండు గొర్రెలు లారీ కింద పడి చచ్చిపోయాయని చెప్పాడు.

నేను వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఏ మొక్క బతుకుతుంది అని ఆలోచించాను గానీ, ఏ మొక్కను ఎవరు తింటారు అని ఆలోచించలేదు. పచ్చదనం వేరు, మేత వేరు. ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని మిగతా విషయం వినండి.

గని నేలలో ఏమి లోపిస్తుంది?

మామూలు బీడులో పైనున్న 15 నుంచి 30 సెంటీమీటర్ల పొరను పైమట్టి అంటాం. సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు, వానపాములు, మొలకెత్తడానికి ఎదురుచూసే గడ్డి విత్తనాలు అధికంగా ఉండేది ఈ పొరలోనే. రాయి శిథిలమై ఇలాంటి పొర ఏర్పడటానికి వందలు, వేల సంవత్సరాలు పడుతుంది. పొక్లెయిన్ దాన్ని ఒక్క రోజులో ఎత్తి పక్కన పోసేస్తుంది.

తవ్వకం తరువాత మిగిలేది రాతి ముక్కలు, రాతి పొడి. రాతి ఖనిజాల్లో పొటాషియం, కాల్షియం, కొంత భాస్వరం ఉండవచ్చు. నత్రజని మాత్రం దాదాపు ఉండదు. మొక్కలకు అందే నత్రజని ప్రధానంగా సేంద్రియ పదార్థం నుంచీ, గాలిలోని నత్రజనిని స్థాపించే బాక్టీరియాల నుంచీ వస్తుంది. ఆ రెండూ పైమట్టితో పాటే పోయాయి. కాబట్టి గని నేలకు మొట్టమొదట పట్టుకునే కరవు నత్రజని కరవు.

రెండో లోపం నీటికి సంబంధించినది. రాళ్ళ గుట్టల మీద పడిన నీరు సందుల్లోంచి జారిపోతుంది, నిలవదు. లారీలు తిరిగిన చోట నేల సిమెంటులా గట్టిపడి ఉంటుంది, అక్కడ నీరు ఇంకదు. ఒక చోట నిలవదు, మరో చోట దిగదు. రెండు చోట్లా మొక్క ఎండిపోతుంది. మూడో లోపం వేడి. నీడ, గడ్డి లేని రాతి నేల వేసవిలో ఎంతగా కాలుతుందో మీకు తెలుసు. లేత మొలక ఆ వేడికి తట్టుకోలేదు.

పని తవ్వకానికి ముందే మొదలుకావాలి

పునరుద్ధరణ అనగానే గని మూసేశాక చేసే పని అని అనుకుంటాం. నిజానికి మొదటి మెట్టు తవ్వకానికి ముందే ఉంది. పైమట్టిని వేరుగా తీసి, వేరుగా నిల్వ చేయాలి. దాన్ని రాళ్ళ వ్యర్థంలో కలిపేస్తే మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

నిల్వ చేయడంలోనూ ఒక మెలకువ ఉంది. మట్టిని కొండలా ఎత్తుగా పోస్తే లోపలి భాగానికి గాలి అందదు. సూక్ష్మజీవులు, వేళ్ళతో కలిసి జీవించే మైకోరైజా శిలీంధ్రాలు తగ్గిపోతాయి, విత్తనాలు మొలకెత్తే శక్తి కోల్పోతాయి. అందుకే కుప్పలు తక్కువ ఎత్తులో ఉండాలి. వాటి మీద జనుము, పిల్లిపెసర వంటి పప్పుజాతి మొక్కలు చల్లితే మట్టి కొట్టుకుపోదు, జీవం నిలుస్తుంది. అన్నిటికంటే మంచి పద్ధతి ఏమిటంటే, గనిలో ఒక భాగం తవ్వడం పూర్తికాగానే తరువాతి భాగం నుంచి తీసిన పైమట్టిని వెంటనే తెచ్చి అక్కడ పరచడం. మన దేశంలో ప్రధాన ఖనిజాల గనులకు ఇలాంటి క్రమానుగత మూసివేత ప్రణాళిక, తుది మూసివేత ప్రణాళిక 2003లో తప్పనిసరి అయ్యాయి. కంకర, గ్రానైట్ వంటి చిన్నతరహా ఖనిజాల నియమాలు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉన్నాయి. ఐదు హెక్టార్ల లోపు చిన్న క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది.

వాలు, నీరు: సహస్రధార పాఠం

లారీలోంచి గుమ్మరించిన రాళ్ళు సాధారణంగా 35 నుంచి 40 డిగ్రీల వాలులో నిలుస్తాయి. ఇది జారిపోవడానికి సరిహద్దులో ఉన్న వాలు. వానకు మట్టి జారుతుంది, మొలక వేరుపట్టదు, పశువు ఎక్కితే రాళ్ళు కదులుతాయి. కాబట్టి గుట్టను మెట్లు మెట్లుగా కోసి, వాలు తగ్గించి, ప్రతి మెట్టునూ కొద్దిగా లోపలికి వంచి నీటిని ఆపాలి.

ఇది చేస్తే ఏమవుతుందో చూపించిన ఉదాహరణ ఉత్తరాఖండ్‌లో డెహ్రాడూన్ దగ్గర ఉంది. ముస్సోరీ కొండల్లో సున్నపురాయి కోసం విచ్చలవిడిగా తవ్వడం వల్ల కొండచరియలు విరిగి, ఊటలు ఎండి, పొలాలు రాళ్ళతో నిండాయి. 1983లో రూరల్ లిటిగేషన్ అండ్ ఎన్‌టైటిల్‌మెంట్ కేంద్ర అనే సంస్థ రాసిన లేఖను సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. 1985లో అనేక క్వారీలను మూసివేయించింది. అక్కడి సహస్రధార ప్రాంతంలో 64 హెక్టార్ల, అంటే సుమారు 158 ఎకరాల, పాడైన పరీవాహక ప్రాంతాన్ని డెహ్రాడూన్‌లోని కేంద్ర భూ, జల సంరక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1984 నుంచి బాగుచేశారు. ఈ సంస్థ ఇప్పుడు భారత మృత్తికా జల సంరక్షణ సంస్థగా ఉంది.

వారు మొదట చెట్ల జోలికి పోలేదు. వాగుల్లో ఇనుప తీగ వలలో రాళ్ళు నింపిన గేబియన్ అడ్డుకట్టలు కట్టారు. నిటారు వాలుల మీద జనపనార వలలు పరిచారు. జారే నేలను పట్టుకోవడానికి వావిలి, రెల్లు జాతి మొక్కల వంటివి నాటారు. ఫలితాలు గమనించండి. కొట్టుకుపోయే రాళ్ళూ మట్టీ ఏడాదికి హెక్టారుకు 550 టన్నుల నుంచి సుమారు 8 టన్నులకు తగ్గాయి. పది టన్నుల లారీల్లో చెప్పుకుంటే, హెక్టారుకు 55 లారీల నుంచి ఒక్క లారీ లోపుకు. వానాకాలంలో ప్రవాహంగా వెళ్ళిపోయే నీరు వర్షంలో 57 శాతం నుంచి 37 శాతానికి తగ్గింది. వృక్ష ఆచ్ఛాదన 10 శాతం నుంచి 80 శాతానికి పెరిగింది. వానలు ఆగిపోయాక 60 రోజులు మాత్రమే పారే వాగు 240 రోజులు పారింది.

57 నుంచి 37 అంటే చిన్న మార్పులా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. ఒక హెక్టారులో ఒక మిల్లీమీటరు వాన అంటే 10,000 లీటర్లు. 100 మిల్లీమీటర్ల వానకు 10 లక్షల లీటర్లు. అందులో 20 శాతం అదనంగా ఆగితే హెక్టారుకు 2 లక్షల లీటర్లు. 64 హెక్టార్లకు 1 కోటి 28 లక్షల లీటర్లు. వాగు మరో ఆరు నెలలు పారడానికి కారణం ఇలా నేలలోకి ఇంకిన నీరే.

మొక్కలకు ఒక వరుస ఉంది

జీవం లేని నేలలో మొక్కల సముదాయాలు ఒకదాని తరువాత ఒకటి రావడాన్ని అనుక్రమం అంటారని మీరు పాఠాల్లో చదివారు. ప్రకృతికి వదిలేస్తే రాతి మీద ఈ ప్రక్రియ తరాలు తీసుకుంటుంది. మనం చేసేది దాన్ని తొందరపెట్టడం.

మొదటి వరుసలో నేలను పట్టుకునే మొక్కలు రావాలి. వీటిని పశువులు తినకపోతేనే మేలు. సహస్రధారలో వాడిన వావిలిని పశువులు ఇష్టపడవు. వాలు స్థిరపడే దాకా అది కాపలా కాస్తుంది. రెండో వరుస పప్పుజాతి మొక్కలది. వీటి వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపిస్తుంది. మెట్ట నేలలకు స్టైలో అనే పశుగ్రాస మొక్క అనుకూలం. సారం తక్కువైన నేలలోనూ పెరుగుతుంది, జీవాలు ఇష్టంగా తింటాయి. మూడో వరుస బహువార్షిక గడ్డి జాతులు: అంజన్ గడ్డి, ధామన్ గడ్డి, తేమ ఉన్న చోట గరిక. ఝాన్సీలోని భారత పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ 1962 నుంచి ఇలాంటి జాతుల మీద పనిచేస్తోంది. అంజన్ గడ్డి విత్తనం దూదిలా తేలికైనది, గాలికి ఎగిరిపోతుంది. అందుకే దాన్ని బంకమట్టి, పశువుల ఎరువుతో కలిపి చిన్న ఉండలుగా చేసి, తొలకరికి ముందు పైపైనే వేస్తారు. లోతుగా వేస్తే మొలవదు.

నాలుగో వరుసలో అక్కడక్కడ మేత చెట్లు: జమ్మి, తెల్ల తుమ్మ, రేగు. వేసవిలో గడ్డి ఎండిపోయాక మేకలను ఆదుకునేవి ఇవే. చెట్లు మరీ దగ్గరగా ఉంటే కింద గడ్డికి ఎండ తగలదు కాబట్టి ఎడంగా నాటాలి.

సర్కారు తుమ్మ గురించి ఒక మాట. దాన్ని ఎవరూ నాటనక్కరలేదు, అదే వస్తుంది. ఆకును జీవాలు దాదాపు ముట్టవు గానీ కాయలు తింటాయి. పేడలో, పెంటికల్లో విత్తనాలు ఊరంతా చేరతాయి. దాని కింద గడ్డి నిలవదు. దూరం నుంచి, ఉపగ్రహ చిత్రంలో ఆ ప్రాంతం ముదురు పచ్చగా కనిపిస్తుంది. కాపరికి మాత్రం అక్కడ పాతిక జీవాలను మేపే దారి ఉండదు.

జీవాలను ఎప్పుడు వదలాలి?

మొదటి వానకు గడ్డి మొలిచిందని సంబరపడి మందను వదిలితే పని మొదటికి వస్తుంది. లేత గడ్డి వేళ్ళతో సహా ఊడివస్తుంది. తొలి రెండేళ్ళైనా గడ్డిని కోసి ఇంటికి తీసుకెళ్ళి వేయాలి. విత్తనం రాలాక కోస్తే మరుసటి ఏటికి నేలే విత్తుకుంటుంది. తరువాత బీడును భాగాలుగా చేసి, ఒక భాగంలో మేపుతూ మిగతా వాటికి విశ్రాంతి ఇవ్వాలి.

ఎన్ని జీవాలను మేపవచ్చు? ఇదీ లెక్కే. బాగుపడిన బీడు హెక్టారుకు ఏడాదికి 2 టన్నుల ఎండు మేత ఇస్తుందనుకుందాం. సగం నేలకే వదలాలి, లేకపోతే వేళ్ళు బలహీనపడతాయి. మిగిలేది 1,000 కిలోలు. ఒక గొర్రె రోజుకు సుమారు కిలో ఎండు మేత తింటే ఏడాదికి 365 కిలోలు. అంటే హెక్టారుకు మూడు గొర్రెలు కూడా రావు. 50 గొర్రెల మందకు సుమారు 18 హెక్టార్లు, అంటే 45 ఎకరాలు కావాలి. ఐదు హెక్టార్ల క్వారీ పోయిందంటే పదమూడు గొర్రెల మేత పోయిందన్నమాట. ఒక పేద కుటుంబానికి పదమూడు గొర్రెలు అంటే పిల్లల చదువు, ఒక పెళ్ళి, ఒక ఆసుపత్రి ఖర్చు.

మందను వదిలేముందు ఇంకో పరీక్ష ఉంది. కొన్ని గనుల వ్యర్థంలో ఫ్లోరైడ్, మాలిబ్డినం, సీసం వంటివి ఎక్కువగా ఉండవచ్చు. ఫ్లోరైడ్ ఎక్కువైతే పశువుల పళ్ళు, ఎముకలు దెబ్బతింటాయి. మేతలో మాలిబ్డినం ఎక్కువైతే నెమరువేసే జంతువుల శరీరానికి రాగి అందదు, అవి చిక్కిపోతాయి. గడ్డి ఏపుగానే కనిపిస్తుంది, జబ్బు నెమ్మదిగా బయటపడుతుంది. కాబట్టి మట్టినీ నీటినీ మేతనూ ప్రయోగశాలలో పరీక్షించిన తరువాతే జీవాలను వదలాలి.

అన్ని గుంతలూ పూడవు

ఒక నిజాన్ని దాచకూడదు. బండను పగలగొడితే ముక్కల మధ్య ఖాళీల వల్ల ఘనపరిమాణం సుమారు 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. అందువల్ల వ్యర్థం ఎక్కువ మిగిలే గనుల్లో గుంతను చాలావరకు పూడ్చవచ్చు. కంకర క్వారీలో అలా కాదు. దాదాపు రాయంతా లారీల్లో వెళ్ళి రోడ్లలో, ఇళ్ళలో చేరిపోయింది. పూడ్చడానికి ఏమీ మిగలదు. అలాంటి చోట గుంతను నీటి వనరుగా ఉంచి, ఒక వైపు పశువులు దిగడానికి వాలైన దారి చేసి, మిగతా మూడు వైపులా గట్టి కంచె వేయడం మేలు. ఈతకు దిగిన పిల్లలు క్వారీ గుంతల్లో చనిపోయిన వార్తలు ప్రతి వేసవిలో వింటున్నాం. ఆ గుంతల్లో గట్టు ఉండదు, అడుగు వేసిన చోటే లోతు. దయచేసి మీరు దిగకండి, తమ్ముళ్ళను దిగనివ్వకండి. చుట్టుపక్కల లారీలు తొక్కిన నేలను, రాళ్ళు పోసిన నేలను మాత్రం బీడుగా మార్చుకోవచ్చు.

మీరు చేయదగిన పని

మూసేసిన క్వారీ పక్కనే కాస్త బీడు మిగిలి ఉంటే, పెద్దల తోడుతో గుంతకు దూరంగా ఈ మూడు పరిశీలనలు చేయండి. ఒకటి, రెండు వైపులా తెరిచిన డబ్బాను నేలలో కొంచెం దించి, ఒక గ్లాసు నీరు పోసి ఇంకడానికి ఎంత సమయం పడుతుందో చూడండి. బీడులోనూ లారీ దారిలోనూ విడివిడిగా చేసి పోల్చండి. రెండు, గాజు సీసాలో మట్టి, నీరు కలిపి కదిపి ఒక రోజు వదిలేయండి. ఇసుక, ఒండ్రు, బంకమట్టి పొరలుగా తేలుతాయి. మూడు, మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చదరం గీసి అందులోని మొక్కల రకాలను లెక్కించండి. తరువాత ఆ మొక్కలను ఒక కాపరికి చూపించి, "తాతా, వీటిలో జీవాలు ఏవి తింటాయి?" అని అడిగి రాసుకోండి. ఆ జాబితా మీకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

నేను చెప్పిన ఆ కంకర క్వారీకి తరువాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి ముందుగా ఆ కాపరిని అడిగాం. ఊరి చెరువులో తీసిన పూడిక మట్టిని ఎకరం మేర పరిచి, స్టైలో, అంజన్ గడ్డి వేశాం. మొదటి ఏడు వానలు సరిగా లేక చాలా భాగం పోయింది. మళ్ళీ వేశాం. మూడో ఏడాది వర్షాకాలం చివర ఆయన కొడవలి తెచ్చి కొన్ని మోపులు కోసుకుని వెళ్ళాడు. మనం వేసిన లెక్క ప్రకారం అది ఒక్క గొర్రెకు ఏడాది మేత. మంద ఇంకా రోడ్డు మీదుగానే వెళ్తోంది. మిగతా నేల పని పెద్దది. దానికి యంత్రాలు, డబ్బు, చట్టం అమలు కావాలి. అవి క్వారీ తవ్వినవారి బాధ్యత అని కోర్టు ఇప్పటికే చెప్పింది.

ఇకపై ఎక్కడైనా "ఈ గనిని పునరుద్ధరించాం" అన్న బోర్డు కనిపిస్తే ఆగి చూడండి. అక్కడ పెరిగినది ఏ మొక్క, దాన్ని ఏ జీవం తింటుంది, పాత దారిన వచ్చే కాపరికి లోపలికి రావడానికి దారి ఉందా అని అడగండి. ఈ ప్రశ్నలు అడగడానికి మీకు కావలసిన శాస్త్రం ఈరోజు మనం చెప్పుకున్నాం.